129వ సెక్షన్ పోయింది, లెక్క మిగిలింది

గత సంచికలో కథ బెర్లిన్ మంటల దగ్గర ఆగింది. 1933 మే 6న నాజీ విద్యార్థులు డాక్టర్ మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ లైంగిక విజ్ఞాన సంస్థ మీద పడి దోచుకున్నారు. మే 10 రాత్రి ఆ పుస్తకాలను నగర కూడలిలో కుప్పపోసి తగలబెట్టారు. అయితే అన్నీ కాలిపోలేదు. మిగిలినవాటిలో కొంత భాగాన్ని ఆ ఏడాది చివర్లోనే కార్ల్ ఫైన్ అనే యూదు వకీలు డబ్బు కట్టి విడిపించుకున్నాడు. ఆయన ఊరు చెకొస్లొవేకియాలోని బ్ర్నో. గ్రెగర్ మెండెల్ బఠాణీ మొక్కలు పెంచి వారసత్వ సూత్రాలు కనిపెట్టింది ఆ ఊళ్లోనే.

పుస్తకాలు బ్ర్నో చేరడం యాదృచ్ఛికం కాదు. అంతకు ముందు ఏడాది, 1932 సెప్టెంబరులో, లైంగిక సంస్కరణల ప్రపంచ సంఘం మహాసభ జరిగింది అక్కడే. స్థానిక వైద్యుడు యోసెఫ్ వైస్‌కోఫ్ నిర్వహణ భారం నెత్తిన వేసుకున్నాడు. మన దేశంతో సహా సగం ప్రపంచం చుట్టి వచ్చిన హిర్ష్‌ఫెల్డ్ ఆ సభలో పాల్గొన్నాడు. జర్మనీకి తిరిగి వెళితే ప్రాణం దక్కదని అప్పటికే తెలిసినవాడు కాబట్టి వెళ్లలేదు. 1935లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో తన పుట్టినరోజునాడే కన్నుమూశాడు. ఆయన సహచరుడు కార్ల్ గీసె తిరిగి తిరిగి చివరికి బ్ర్నోలోనే తలదాచుకున్నాడు. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను మింగేశాక, అదే నెలలో ప్రాణం తీసుకున్నాడు. ఉన్నదంతా ఫైన్‌కు రాసిపెట్టాడు. ఫైన్‌ను 1941లో లోజ్ ఘెట్టోకు తరలించారు, మరుసటి ఏడాది అక్కడే చనిపోయాడు. బెర్లిన్ మంటల్ని తప్పించుకున్న కాగితాల్లో చాలావాటికి ఆ తర్వాత జాడ లేదు.

ఇంతమందికి ఆశ్రయమిచ్చిన దేశం గనక చెక్ నేల మీద స్వలింగ ప్రేమికులకు హాయిగా గడిచిందనుకుంటే పొరపాటు. ప్రపంచ మహాసభ జరుగుతున్న ఊళ్లోని కోర్టులో అప్పటికి అమలవుతున్నది 1852 నాటి ఆస్ట్రియా శిక్షాస్మృతి. అందులో 129వ సెక్షన్ ‘ప్రకృతి విరుద్ధమైన అశ్లీలం’ గురించి. మొదటి అంశం కింద రెండే ఉపాంశాలు. ‘అ’: జంతువులతో. ‘ఆ’: తమ లింగానికే చెందిన మనుషులతో. శిక్ష ఏడాది నుంచి ఐదేళ్ల కఠిన కారాగారం. బ్రిటిష్‌వాళ్లు తమ దేశంలో ఆడవాళ్ల జోలికి పోలేదు, ఆస్ట్రియా మాత్రం ఆ విషయంలో ఆడామగా తేడా చూపలేదు. 1918లో చక్రవర్తి పోయాడు, గణతంత్రం వచ్చింది, మసారిక్ అధ్యక్షుడయ్యాడు, ఆడవాళ్లకు ఓటు వచ్చింది. పాత చట్టాలను మాత్రం కొత్త రాజ్యం కట్టకట్టి స్వీకరించింది. ఆ కట్టలో 129 కూడా వచ్చేసింది. కొత్త శిక్షాస్మృతి కోసం ముసాయిదాలు తయారయ్యాయి, ఒక్కటీ చట్టం కాలేదు.

ఈ సెక్షన్ రద్దు కోసం పట్టుబట్టినవాళ్లలో ప్రాగ్ న్యాయవాది ఫ్రాంటిషెక్ చెర్జోవ్‌స్కీ పేరు ముందు చెప్పాలి. 1931లో ‘లైంగిక అల్పసంఖ్యాకుల గొంతుక’ అనే పత్రిక మొదలైంది. మరుసటి ఏడాది అది ‘కొత్త గొంతుక’గా పేరు మార్చుకుంది. చట్టం నేరమన్న మనుషులే చట్టబద్ధంగా అచ్చువేసుకున్న పత్రిక అది. అందులో న్యాయ వ్యాసాలు ఉండేవి, కథలు, కవితలు ఉండేవి. చెక్ సాహిత్యంలో స్త్రీల మధ్య ప్రేమ మీద తొలి నవల (1929) రాసిన లీదా మెర్లీనొవా అందులో రాసింది. 1895లో ‘సొదొమ’ అనే కవితా సంపుటి వేసి, ప్రభుత్వం దాన్ని జప్తు చేయగా చూసిన యిర్జీ కరాసెక్ కూడా రాశాడు. పగలు తపాలా శాఖ ఉద్యోగి, రాత్రి కవి. ఆస్కార్ వైల్డ్‌ను లండన్ జైల్లో వేసిన ఏడాదే, వైల్డ్ తరఫున ప్రాగ్ పత్రికలో నిలబడ్డ మనిషి ఆయన.

ఆ రోజుల్లోనే ఓ క్రీడాకారిణి దేశం మొత్తాన్ని ఉర్రూతలూగించింది. పేరు జ్దెనా కౌబ్కొవా. 1934 లండన్ మహిళా ప్రపంచ క్రీడల్లో 800 మీటర్ల పరుగు ప్రపంచ రికార్డుతో గెలిచింది. మెర్లీనొవా ఆమె మీద ఏకంగా ఓ పుస్తకమే తెచ్చింది. పుస్తకం వచ్చిన 1935లోనే కౌబ్కొవా ఇకపై తాను మగవాడిగా బతుకుతానని ప్రకటించాడు. పేరు జ్దెనెక్ కౌబెక్‌గా మారింది. ప్రపంచ పత్రికలన్నీ ఎగబడ్డాయి, అమెరికా రంగస్థలం పిలిచింది. చెక్ జనం దాన్ని పెద్ద నేరంగా చూడలేదు, వింతగా చూశారు. కానీ అంతర్జాతీయ అథ్లెటిక్స్ పెద్దలు 1936లో క్రీడాకారిణులకు శారీరక పరీక్ష పెట్టే నిబంధన తెచ్చారు. మహిళా క్రీడల్లో ఇప్పటికీ నలుగుతున్న లింగ పరీక్షల రచ్చకు మూలం ఆ ఏడాదిలోనే ఉంది. కౌబెక్ రికార్డులు పోయాయి. ఆయన మాత్రం ప్రాగ్‌లో సాదాసీదాగా 1986 వరకు బతికాడు.

యుద్ధకాలం గురించి ఒక్క మనిషిని చెప్పి ముందుకు పోతాను. ఫ్రెడీ హిర్ష్ జర్మనీలోని ఆకెన్‌లో పుట్టిన యూదు యువకుడు, వ్యాయామ శిక్షకుడు. 1935లో నాజీలను తప్పించుకుని చెక్ నేలకు వచ్చాడు. స్వలింగ ప్రేమికుడని చుట్టూ ఉన్నవాళ్లకు తెలుసు. తెరెజీన్ ఘెట్టోలో పిల్లలను కూడగట్టి పళ్లు తోమించి, వ్యాయామం చేయించి, పాఠాలు చెప్పించాడు. 1943 సెప్టెంబరులో ఆష్విట్జ్‌కు తరలించారు. అక్కడి కుటుంబ శిబిరంలోనూ నాజీ అధికారులను ఒప్పించి పిల్లలకు వేరే బ్యారక్ సాధించాడు. 1944 మార్చి 8న, పిల్లలతో సహా సెప్టెంబరులో తనతో వచ్చిన బృందమంతటినీ గ్యాస్ గదులకు పంపే వేళకు, అతను మత్తుమందు ప్రభావంలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. తానే మింగాడా, ఎవరైనా ఇచ్చారా అన్నది ఇప్పటికీ వాదనే. బతికి బయటపడ్డ పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఆయన గురించి ఎంతో ప్రేమగా చెప్పారు. కానీ ఆయన ప్రేమించింది మగవాళ్లనన్న సంగతి చాలా దశాబ్దాలు స్మారక ప్రసంగాల్లో వినిపించలేదు.

1950లో కమ్యూనిస్టు ప్రభుత్వం కొత్త శిక్షాస్మృతి తెచ్చింది. 129 పోయి 241 వచ్చింది. శిక్ష ఏడాదికి తగ్గింది, నేరం నేరంగానే ఉంది. ఇక్కడి నుంచి కథలో జైలరు వెనక్కి తగ్గి డాక్టరు ముందుకు వస్తాడు. చెక్ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా, అన్నిటికన్నా ఇబ్బందిగా అనిపించే అధ్యాయం ఇదే.

ప్రాగ్‌లో 1921లోనే విశ్వవిద్యాలయ స్థాయిలో లైంగిక విజ్ఞాన సంస్థ పుట్టింది. ప్రపంచంలో అలాంటివాటిలో అదే తొలిది. యుద్ధం తర్వాత ప్రాగ్‌లో ఈ రంగంలోకి దిగిన వైద్యుడు కర్ట్ ఫ్రాయండ్. క్రుదిమ్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. నాజీ చట్టాల నుంచి యూదురాలు కాని భార్యనూ, కూతురినీ కాపాడుకోవడానికి కాగితాల మీద విడాకులు తీసుకుని, యుద్ధం ముగిశాక మళ్లీ పెళ్లి చేసుకున్నవాడు. తల్లిదండ్రులను, తమ్ముణ్ణి నాజీలు చంపేశారు. రాజ్యం పెళ్లిలో వేలు పెడితే ఏమవుతుందో అంతగా అనుభవించిన మనిషి ఇంకొకరు ఉండరు.

1950ల్లో చెకొస్లొవేక్ సైన్యానికి ఒక చిక్కు వచ్చింది. నిర్బంధ సైనిక సేవ తప్పించుకోవడానికి కొందరు కుర్రాళ్లు తాము స్వలింగ ప్రేమికులమని చెబుతున్నారని అనుమానం. నిజమా అబద్ధమా తేల్చాలి. దానికి ఫ్రాయండ్ ఒక పరికరం తయారుచేశాడు. పురుషాంగాన్ని గాజు గొట్టంలో ఉంచి, లోపలి గాలి పరిమాణంలో వచ్చే మార్పును కొలవడమే దాని పని. ఎదురుగా తెర మీద ఆడవాళ్ల, మగవాళ్ల నగ్న చిత్రాలు ఒకదాని తర్వాత ఒకటి. మనిషి నోటితో ఏం చెప్పినా, సూది కదిలిందా లేదా అన్నదే సాక్ష్యం. కుర్రాడు సిగ్గుతో చచ్చిపోతున్నాడా, భయంతో బిగుసుకుపోయాడా అన్నది గొట్టం కొలవదు.

అదే ఫ్రాయండ్ స్వలింగ ప్రేమను ‘నయం’ చేయడానికీ ప్రయత్నించాడు. వాంతులు తెప్పించే ఇంజెక్షన్ ఇచ్చి, కడుపులో తిప్పుతుండగా మగవాళ్ల బొమ్మలు చూపించేవాళ్లు. మరో పూట ఉత్తేజం కలిగించే హార్మోను ఇచ్చి ఆడవాళ్ల బొమ్మలు చూపించేవాళ్లు. 67 మంది పురుషుల మీద ఇది నడిచింది. కోర్టులో కేసు నడుస్తుండగా వచ్చినవాళ్లున్నారు, ఇంటివాళ్ల పోరు పడలేక వచ్చినవాళ్లున్నారు. ఫ్రాయండ్‌లో ఒక గుణం ఉంది, ఫలితం దాచలేదు. ఏళ్ల తరబడి వాళ్ల వెంట పడి కనుక్కున్నాడు. కొందరు పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. కోరిక మాత్రం మారలేదు. ఆ పెళ్లిళ్లలో చాలావాటిలో ఇద్దరి బతుకూ నరకమేనని, తన చికిత్స అలాంటి సంసారాలను మాత్రమే సృష్టించిందని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. మారని దాన్ని శిక్షించి లాభం లేదు, చట్టం తీసేయండి అని వాదించాడు.

రాజ్యం ఆ మాట విన్నది. 1961లో చేసిన శిక్షాస్మృతి 1962 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది, పెద్దవాళ్ల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది. ఇంగ్లండ్ ఆ పని చేయడానికి 1967 దాకా పట్టింది, మనకైతే 2018. సోషలిస్టు ప్రభుత్వం కొన్ని పడమటి దేశాలకన్నా ముందు నడిచిందని చెప్పుకోవచ్చు, కొందరు చెప్పుకుంటారు కూడా. నాకు ఆ గర్వం పూర్తిగా మింగుడు పడదు. 244వ సెక్షన్ పేరుతో ఓ తోక మిగిల్చారు. ఆడా మగా సంబంధానికి సమ్మతి వయసు 15, స్వలింగ సంబంధానికి 18. ‘బహిరంగంగా జనానికి ఇబ్బంది కలిగించడం’ వేరే నేరం. ఇద్దరు మగవాళ్లు పార్కు బెంచీ మీద చేతులు పట్టుకుంటే ఎవరికి ఇబ్బందో తేల్చేది పోలీసే. పోలీసుల దగ్గర స్వలింగ ప్రేమికుల జాబితాలు ఉండేవి, ‘గులాబీ జాబితాలు’ అని పేరుపడ్డాయి. మనుషుల్ని రిజిస్టర్లో ఎక్కించి అదుపులో పెట్టడం మనకూ తెలిసిన విద్యే. హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాయమన్న నిజాం కాలపు చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో కదా.

1968లో సోవియట్ ట్యాంకులు వచ్చాయి. ఆ ఏడాదే ఫ్రాయండ్ కెనడా వెళ్లిపోయాడు. తర్వాతి ఇరవై ఏళ్ల గుస్తావ్ హుసాక్ పాలన జనంతో ఒక ఒప్పందం లాంటిది చేసుకుంది: రాజకీయాలు మాకు వదిలేయండి, మీరు పెళ్లి చేసుకుని పిల్లల్ని కనండి. 1973 నుంచి కొత్త దంపతులకు 30,000 క్రౌన్ల వరకు చౌక అప్పు ఇచ్చారు. మొదటి బిడ్డ పుడితే 2,000, ఆ తర్వాత ప్రతి బిడ్డకూ 4,000 క్రౌన్ల చొప్పున బాకీ మాఫీ. ఫ్లాటు కేటాయింపులో కుటుంబాలకే పెద్దపీట. ఇప్పుడు ఇద్దరు ఆడవాళ్లు కలిసి బతకాలనుకుంటే? ఏ చట్టమూ వాళ్లను జైల్లో పెట్టదు. కానీ ఫ్లాటు రాదు, అప్పు రాదు, ఆఫీసులో ‘ఇంకా పెళ్లెప్పుడు?’ అన్న ప్రశ్న ఆగదు. చాలామంది పెళ్లి చేసుకున్నారు. ‘శవదహనకుడు’ నవలతో పేరు తెచ్చుకున్న లాదిస్లావ్ ఫుక్స్ అంతటి రచయిత కూడా అంతకు ముందే, 1964లో, ప్రాగ్‌లోని సెయింట్ వీటస్ కెథెడ్రల్‌లో ఇటలీ అమ్మాయిని పెళ్లాడాడు. ఆయన మనసు మగవాళ్ల వైపు ఉన్న సంగతి మిత్రులకు తెలుసు. ఆ కాపురం నిలవలేదు.

మన క్రీడా పేజీలు ఆడవాళ్ల టెన్నిస్‌లో ఏళ్ల తరబడి రాసిన పేరు మార్టినా నవ్రతిలోవా. వింబుల్డన్ సింగిల్స్ తొమ్మిదిసార్లు గెలిచింది. ప్రాగ్‌లో పుట్టిన అమ్మాయి, 1975లో అమెరికాలో ఆగిపోయింది. తన ప్రేమ ఎవరి మీదో లోకానికి తెలిసింది 1981లో, అమెరికా పౌరసత్వం వచ్చిన కొద్ది రోజులకే. పుట్టిన దేశంలో ప్రభుత్వ పత్రికలు ఆమె గెలుపుల మీద నోరు మెదిపేవి కావు. 1986లో ఫెడరేషన్ కప్ ప్రాగ్‌లో జరిగినప్పుడు అమెరికా జట్టుతో వచ్చింది. స్టేడియంలో జనం మాత్రం చప్పట్లతో స్వాగతం పలికారు.

1980ల చివర్లో ఎయిడ్స్ భయం ఒక తలుపు తీసింది. 1988లో ప్రాగ్‌లో స్వలింగ ప్రేమికులు కలుసుకోవడానికి ఒక బృందం ఏర్పడింది. అయితే దానికి ‘సామాజిక చికిత్సా క్లబ్’ అని పేరు పెట్టుకోవాల్సి వచ్చింది, వైద్యుల నీడ లేనిదే అనుమతి రాదు మరి. ఏడాది తిరిగేసరికి పాలన కూలింది. 1990 జూలై 1 నుంచి 244వ సెక్షన్ పోయింది, సమ్మతి వయసు అందరికీ 15 అయింది. యిర్జీ హ్రొమాదా అనే నటుడి నాయకత్వంలో సంఘాలు ఒక సమాఖ్యగా కలిసి, సొంత పత్రిక పెట్టుకుని, కలిసి బతికే జంటలకు చట్టం కావాలని అడగడం మొదలుపెట్టాయి.

చట్టం రావడానికి పదహారేళ్లు పట్టింది. బిల్లు మీద బిల్లు వీగిపోయింది. 2005లో చివరికి పార్లమెంటు దిగువసభ ఆమోదించింది. 2006 ఫిబ్రవరి 16న అధ్యక్షుడు వాత్స్లావ్ క్లౌస్ వీటో చేశాడు. వీటో దాటాలంటే 200 మంది సభ్యుల్లో 101 ఓట్లు కావాలి. మార్చి 15న లెక్కపెడితే సరిగ్గా 101 వచ్చాయి. ఆ ఒక్క ఓటుతో జూలై 1 నుంచి ‘నమోదిత భాగస్వామ్యం’ అమల్లోకి వచ్చింది.

ఇప్పుడు ఆ చట్టం లోపలికి చూడండి. ఆడామగా పెళ్లి ఏ ఊరి కోటలోనైనా చేసుకోవచ్చు. ఈ నమోదు దేశం మొత్తం మీద ఎంపిక చేసిన 14 కార్యాలయాల్లోనే జరిగేది. ఉమ్మడి ఆస్తి ఉండేది కాదు, భాగస్వామి పోతే పింఛను వచ్చేది కాదు. అన్నిటికన్నా విడ్డూరం దత్తత సంగతి. ఒంటరిగా ఉన్న స్వలింగ ప్రేమికుడు దత్తతకు దరఖాస్తు పెట్టుకోగలిగేవాడు. భాగస్వామితో పేరు నమోదు చేసుకున్న మరుక్షణం ఆ హక్కు పోయేది. అంటే నిజాయితీగా జంటగా నిలబడ్డందుకు శిక్ష. 2016 జూన్‌లో రాజ్యాంగ న్యాయస్థానం ఈ నిషేధాన్ని కొట్టేసింది.

వీధుల్లో పరిస్థితి ఇంకోలా ఉండేది. 2008 జూన్‌లో దేశంలో తొలి ఊరేగింపు జరిగింది బ్ర్నోలోనే, హిర్ష్‌ఫెల్డ్ మహాసభ జరిగిన ఊళ్లో. నియో నాజీలు బాష్పవాయువు విసిరి కొట్టారు. 2011 ఆగస్టులో ప్రాగ్‌లో తొలి ప్రైడ్ జరిగితే అధ్యక్ష భవనం నుంచే ఈసడింపు వినిపించింది. 2010 నాటికి ఇంకో సంగతి బయటపడింది. స్వలింగ ప్రేమికులం కాబట్టి స్వదేశంలో ప్రాణభయం ఉందని చెక్ రిపబ్లిక్‌లో ఆశ్రయం కోరినవాళ్లను నిజమా కాదా అని పరీక్షించడానికి వాడింది అదే గొట్టం, ఫ్రాయండ్ గొట్టం! ఐరోపా సమాఖ్య ప్రాథమిక హక్కుల సంస్థ తప్పుపట్టింది. 2014లో ఐరోపా న్యాయస్థానం ఆశ్రయం కోరేవాళ్లకు ఇలాంటి పరీక్షలు పనికిరావని తేల్చేసింది.

లింగం మార్చుకోవాలనుకున్నవాళ్ల కథ ఇంతకన్నా కఠినం. చెక్ పౌరులందరికీ పుట్టుకతో ఒక సంఖ్య ఇస్తారు. మొదటి రెండంకెలు పుట్టిన ఏడాది, తర్వాతి రెండు నెల, ఆపై తేదీ. ఆడపిల్ల అయితే నెలకు 50 కలుపుతారు. మేలో పుట్టిన అబ్బాయికి 05, అమ్మాయికి 55. బ్యాంకు ఫారం నింపినా, ఆస్పత్రి చీటీ రాయించుకున్నా, ఆ అంకె చూసి గుమాస్తా ఎదుటి మనిషి ఆడో మగో చెప్పేస్తాడు. గడ్డం పెంచుకున్న మనిషి 55 అంకె చూపిస్తే కౌంటర్ దగ్గర వివరణ మొదలు. ఆ అంకె మార్చాలంటే శస్త్రచికిత్స చేయించుకుని, పిల్లలు పుట్టే శక్తి పోగొట్టుకోవాలని చట్టం ఉండేది. 2024 మేలో రాజ్యాంగ న్యాయస్థానం ఆ షరతును రద్దు చేస్తూ మార్పుకు గడువిచ్చింది. 2025 జూలై 1 నుంచి శస్త్రచికిత్స తప్పనిసరి కాదు.

పెళ్లి సంగతి? 2018లో ఆరు పార్టీల సభ్యులు కలిసి అందరికీ సమాన వివాహ బిల్లు పెట్టారు. సభ మూడేళ్లు నాన్చింది, కాలం తీరిపోయింది. తర్వాతి సభ 2024 ఫిబ్రవరిలో రాజీ మార్గం ఎంచుకుంది. 2025 జనవరి 1 నుంచి స్వలింగ జంటలకు ‘భాగస్వామ్యం’. ఉమ్మడి ఆస్తి వచ్చింది, పింఛను వచ్చింది. భాగస్వామి బిడ్డను రెండో వ్యక్తి దత్తత తీసుకోవచ్చు. అనాథ బిడ్డను ఇద్దరూ కలిసి తీసుకోవడానికి మాత్రం వీల్లేదు, పెళ్లి అనే మాటా దక్కలేదు. విస్తరి వేశారు, పీట వేయలేదు.

ఐరోపాలో మతం పట్టు అతి తక్కువగా ఉన్న దేశాల్లో చెక్ ఒకటి. 2021 జనాభా లెక్కల్లో ఏ మతమూ లేదని రాసుకున్నవాళ్లు దాదాపు సగం. సమానత్వానికి అడ్డుపడేది మతమేనని మనలో చాలామంది అనుకుంటాం, నేనూ చాలాకాలం అనుకున్నాను. ప్రాగ్ చరిత్ర ఆ వాదనను నిలవనివ్వదు. అక్కడ ఆడా మగా కాపురమే అసలు కొలత అన్న లెక్కను నిలబెట్టింది గుడి కాదు. ఆస్ట్రియా జడ్జి, ఫ్రాయండ్ లాంటి మంచి ఉద్దేశాల డాక్టరు, ఫ్లాట్లు పంచిన కమ్యూనిస్టు గుమాస్తా, నెలకు 50 కలిపే రిజిస్ట్రారు, వీళ్లందరూ కలిసి నిలబెట్టారు. దేవుణ్ణి తీసేసినా ఆ లెక్క అలాగే నడిచింది.

చెకొస్లొవేకియా 1993లో రెండు ముక్కలైంది. ‘కొత్త గొంతుక’లో రాసిన బ్రాటిస్లావా గుమాస్తా ఇమ్రిఖ్ మాత్యాష్ కథనూ, 2025 సెప్టెంబరులో రెండే లింగాలని రాజ్యాంగంలో రాసుకున్న స్లొవేకియా కథనూ వచ్చే సంచికలో చెబుతాను.